భార్య హెచ్-4 మీద వచ్చిన ఏడాది: జాయింట్‌గా ఫైల్ చేయాలా, విడిగానా?

ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ముందు మీరు అడిగింది క్లుప్తంగా రాస్తాను. మీరు డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నారు. జీతం 1,20,000 డాలర్లు. 2025 ఫిబ్రవరిలో విజయవాడలో పెళ్లయింది. మీ ఆవిడ ఆగస్టు దాకా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, సెప్టెంబరులో మొదటిసారి అమెరికా వచ్చారు, హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద. ఆవిడకు ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదు. ఇండియాలో ఫిక్స్‌డ్ డిపాజిట్లు, కొద్దిగా మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. "జాయింట్‌గా వేస్తే ఆవిడ ఇండియా జీతానికి కూడా ఇక్కడ ట్యాక్స్ పడుతుంది, విడిగా వేసెయ్" అని మీ ఫ్రెండ్ చెప్పాడు. అది నిజమా అని మీ ప్రశ్న.

మీ ఫ్రెండ్ చెప్పిన మొదటి సగం నిజం. రెండో సగం వింటే ఆరు వేల డాలర్లు పోతాయి.

నేను టెక్సస్‌లో ఏళ్లుగా రిటర్న్‌లు తయారుచేస్తున్నాను. ఎక్కువగా మన తెలుగువాళ్లవే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఇండియాలో ఈ గొడవ లేదు. అక్కడ మొగుడి రిటర్న్ మొగుడిది, పెళ్లాం రిటర్న్ పెళ్లాంది, ఎవరి పాన్ వాళ్లది. అందుకే ఇక్కడికి వచ్చాక కూడా "ఎవరిది వాళ్లు వేసుకుంటే సరిపోతుంది కదా" అన్న ఆలోచన సహజంగా వస్తుంది. కానీ అమెరికా పన్ను చట్టం పెళ్లయిన జంటను ఒక యూనిట్‌గా చూస్తుంది. స్లాబులు, డిడక్షన్లు అన్నీ ఆ లెక్క మీదే కట్టారు.

మొదటి సంగతి. డిసెంబరు 31న మీకు పెళ్లయి ఉంటే ఏడాదంతా పెళ్లయినట్టే లెక్క. డిసెంబరు 28న తాళి కట్టినా అంతే. పెళ్లి ఇండియాలో జరిగిందనో, ఇక్కడ ఎక్కడా రిజిస్టర్ చేయలేదనో "సింగిల్" అని టిక్కు పెట్టడం కుదరదు. జరిగిన చోట చెల్లిన పెళ్లి ఇక్కడా చెల్లుతుంది. కాబట్టి మీకు మిగిలినవి రెండే దారులు: మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ, మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ.

ఇక మీ అంకెలు. 2025 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్ జాయింట్‌కు 31,500 డాలర్లు, సెపరేట్‌కు 15,750. ఆవిడకు ఇండియాలో జనవరి నుంచి ఆగస్టు దాకా వచ్చిన జీతం 8,70,000 రూపాయలు, ఎఫ్‌డీ వడ్డీ 87,000 రూపాయలు అన్నారు. డాలరుకు 87 రూపాయలు వేసుకుందాం, లెక్క తేలిక. జీతం 10,000 డాలర్లు, వడ్డీ 1,000 డాలర్లు.

మీరు విడిగా ఫైల్ చేస్తే: 1,20,000 లోంచి 15,750 తీసేస్తే 1,04,250. దాని మీద ఫెడరల్ ట్యాక్స్ 17,867 డాలర్లు. ఆవిడకు అమెరికాలో ఆదాయం లేదు కాబట్టి ఆవిడ ఏమీ ఫైల్ చేయక్కర్లేదు. ఇండియా జీతం జోలికి ఎవరూ రారు.

జాయింట్‌గా వేస్తే: మీ 1,20,000కు ఆవిడ 11,000 కలిపితే 1,31,000. అందులోంచి 31,500 తీసేస్తే 99,500. ట్యాక్స్ 11,718 డాలర్లు.

తేడా 6,149 డాలర్లు. ఆవిడ ఇండియా ఆదాయం మొత్తం తెచ్చి కలిపి, దానికి ఒక్క రూపాయి మినహాయింపు కూడా అడగకుండా వేసిన లెక్క ఇది. మీ ఫ్రెండ్ భయపడ్డ ఆ 11,000 డాలర్ల మీద అదనంగా పడేది సుమారు 1,575 డాలర్లు. దాన్ని తప్పించుకోవడానికి 7,700 పైచిలుకు వదులుకుంటానంటున్నారు మీరు. స్టాండర్డ్ డిడక్షన్ రెట్టింపు అవడమే కాదు, జాయింట్‌లో 12 శాతం స్లాబు 96,950 దాకా సాగుతుంది. సెపరేట్‌లో అదే 48,475 దగ్గర ఆగిపోయి 22 శాతం మొదలవుతుంది. ఒక్కరే సంపాదించే ఇంట్లో లాభమంతా ఇక్కడే వస్తుంది.

ఆ 1,575 కూడా తగ్గించుకోవచ్చు. ఆవిడ ఇక్కడికి రాకముందు పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు ఇండియాలోనే ఉన్నారు, పనీ అక్కడే చేశారు. కాబట్టి ఫారం 2555 వేసి ఆ జీతాన్ని విదేశీ సంపాదన కింద మినహాయించుకోవచ్చు. అప్పుడు ట్యాక్స్ 10,718కి దిగుతుంది. వడ్డీకి ఈ మినహాయింపు వర్తించదు, జీతానికే. వడ్డీ మీద ఇండియాలో కట్టిన పన్ను ఉంటే దానికి ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు. బ్యాంకు టీడీఎస్ కోసి తర్వాత రిఫండ్ ఇచ్చేస్తే మాత్రం అది కట్టిన పన్ను కింద రాదు. ఈ పొరపాటు తరచూ చూస్తుంటాను.

మరి విడిగా వేస్తే లాభం ఎప్పుడు? మీ జీతం ఇంతే ఉండి, ఆవిడ ఇండియా జీతం ఏడాదికి 40,000 డాలర్ల దగ్గరికి, అంటే 35 లక్షల రూపాయల దగ్గరికి వెళ్తే రెండు లెక్కలూ ఇంచుమించు సమానమవుతాయి. అది కూడా మినహాయింపులు, క్రెడిట్లు ఏమీ వాడుకోకపోతే. వాడుకుంటే ఇంకా పైకి జరుగుతుంది. అద్దెలు, పొలం అమ్మకం, షేర్ల లాభం లాంటివి ఇండియాలో పెద్దగా వచ్చిన ఏడాది అయితే మాత్రం తొందరపడి జాయింట్ వేయకండి. ఫారం 2555 జీతాన్నే కాపాడుతుంది, పొలం అమ్మిన లాభాన్ని కాదు. పెళ్లిలో పెట్టిన బంగారం సంగతి కూడా చాలామంది అడుగుతారు. అది ఆదాయం కాదు, దాని గురించి టెన్షన్ పడకండి.

ఒక్క జాగ్రత్త. ఇండియా జీతాన్ని ఫారం 16 చూసి ఎత్తి రాసేయకండి. అక్కడి సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడిది జనవరి నుంచి డిసెంబరు. మీకు కావలసింది 2025 జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతం ఒక ఫారం 16లోంచి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఇంకో దాంట్లోంచి. ఆవిడ నెలవారీ పేస్లిప్పులు అడిగి తెచ్చుకుని ఎనిమిది నెలలూ కూడటం అన్నిటికంటే సులువు. ఉద్యోగం మానేసిన కంపెనీ పోర్టల్ లాగిన్ కొన్నాళ్లకు ఆగిపోతుంది, ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఎన్ఆర్ఈ డిపాజిట్ల వడ్డీ కూడా కలపాలి. "అది ట్యాక్స్ ఫ్రీ కదండీ" అంటారు. ఇండియాలో ఫ్రీ. ఇక్కడ కాదు. పీపీఎఫ్ వడ్డీదీ అదే కథ. మ్యూచువల్ ఫండ్లది ఇంకో తలనొప్పి. ఇండియా ఫండ్లను ఇక్కడ పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీ) అంటారు, ఒక్కో ఫండ్‌కు ఒక్కో ఫారం 8621 వేయాలి. అయితే ఏడాది చివర మొత్తం విలువ జాయింట్ ఫైలర్లకు 50,000 డాలర్లు దాటకుండా, ఆ ఏడాది ఏదీ అమ్మకుండా, పెద్ద డివిడెండ్లు రాకుండా ఉంటే మామూలుగా ఆ ఫారం అక్కర్లేదు. విడిగా వేసేవాళ్లకు ఆ హద్దు 25,000.

ఇప్పుడు అసలు పని. ఆవిడ 2025లో ఇక్కడ ఉన్నది నాలుగు నెలల లోపే. 183 రోజుల లెక్కలో రారు కాబట్టి పన్ను చట్టం దృష్టిలో 2025కు నాన్‌రెసిడెంట్. నాన్‌రెసిడెంట్ భార్యతో జాయింట్ రిటర్న్ మామూలుగా కుదరదు. అందుకోసం చట్టంలో 6013(జి) అనే సెక్షన్ ఉంది. మాలో ఒకరు డిసెంబరు 31న రెసిడెంట్, ఇంకొకరు నాన్‌రెసిడెంట్, ఇద్దరినీ ఏడాది మొత్తానికి రెసిడెంట్లుగా చూడమని కోరుకుంటున్నాం అని ఒక కాగితం రాసి, పేర్లు, అడ్రసు, నంబర్లు పెట్టి, ఇద్దరూ సంతకం చేసి రిటర్న్‌కు జతచేయాలి. దీనికి ప్రత్యేకమైన ఫారం లేదు, తెల్లకాగితం మీద టైప్ చేస్తే చాలు. సాఫ్ట్‌వేర్ చాలాసార్లు దీన్ని అడగనే అడగదు, మీరే గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి ఈ ఎంపిక చేసుకుని తర్వాత రద్దు చేసుకుంటే, మళ్లీ ఈ జంటకు అది దొరకదు. ఆవిడ 2026లో ఎలాగూ రెసిడెంట్ అవుతారు కాబట్టి మీకు అదేమంత అడ్డం కాదు.

రెండోది ఐటిన్, అంటే పన్ను కోసం ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే నంబరు. ఎస్ఎస్ఎన్‌కు అర్హత లేని హెచ్-4 వాళ్లకు ఇదే నంబరు. దాని దరఖాస్తు డబ్ల్యూ-7 ఫారంలో భార్య/భర్తకు ఉన్న "ఇ" గడి టిక్కు పెట్టి, పాస్‌పోర్టు రుజువుతో, రిటర్న్ కాగితాలతో కలిపి ఆస్టిన్‌లోని ఐఆర్ఎస్ ఐటిన్ విభాగానికి పోస్టులో పంపాలి. ఇ-ఫైల్ కుదరదు. అసలు పాస్‌పోర్టు పోస్టులో పంపొద్దు, వారాల తరబడి చేతిలో పాస్‌పోర్టు లేకుండా ఉండటం ఎవరికీ మంచిది కాదు, వీసా మీద ఉన్నవాళ్లకు అసలే కాదు. సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ అని ఉంటారు. వాళ్లు పాస్‌పోర్టు చూసి ధ్రువీకరించి వెంటనే మీ చేతికి ఇచ్చేస్తారు. కొన్ని ఐఆర్ఎస్ ఆఫీసుల్లో కూడా అపాయింట్‌మెంట్ తీసుకుని ఈ పని చేయించుకోవచ్చు. ఐటిన్ రావడానికి మామూలుగా ఏడు వారాలు, ట్యాక్స్ సీజన్‌లో తొమ్మిది నుంచి పదకొండు వారాలు అని ఐఆర్ఎస్సే చెబుతుంది. మీ రిఫండ్ కూడా దాంతోపాటే ఆలస్యమవుతుంది.

అంత ఓపిక లేదు, డబ్బు వెంటనే కావాలి అంటే ఇంకో దారి ఉంది. ఇప్పుడు విడిగా వేసేయండి, ఐటిన్ పని నిదానంగా చూసుకుని తర్వాత 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) వేసి జాయింట్‌కు మార్చుకోండి. సెపరేట్ నుంచి జాయింట్‌కు మారడానికి గడువు తేదీ నుంచి మూడేళ్లు టైముంది. జాయింట్ నుంచి సెపరేట్‌కు మాత్రం ఏప్రిల్ 15 దాటాక వెనక్కి రాలేరు. అనుమానం ఉన్నవాళ్లకు నేను ముందు సెపరేటే చెబుతాను, ఈ ఒక్క కారణంతో. మీకు అనుమానం అక్కర్లేదు కాబట్టి ఒకేసారి జాయింట్ వేసేయండి.

వచ్చే ఏళ్ల సంగతి. మీ ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి, ఆవిడకు ఈఏడీ (పనిచేసే అనుమతి) వచ్చి, 95,000 జీతంతో ఉద్యోగం దొరికిందనుకుందాం. 2025 రేట్లతోనే వేసి చూపిస్తాను. జాయింట్ ట్యాక్స్ 30,198. ఇద్దరూ విడిగా వేస్తే మీది 17,867, ఆవిడది 12,349, మొత్తం 30,216. తేడా పద్దెనిమిది డాలర్లు. ఇద్దరూ దగ్గరదగ్గర జీతాలు తెచ్చుకునే ఇంట్లో జాయింట్, సెపరేట్ అనే చర్చకు స్లాబుల పరంగా అర్థమే లేదు.

కానీ సరిగ్గా ఆ ఏడాదే నాకు ఫోన్లు వస్తాయి, "జాయింట్ వేస్తే పన్నెండు వేలు ఎదురు కట్టమంటోంది, సెపరేట్‌కు మార్చేయండి" అని. తప్పు జాయింట్‌ది కాదు, జీతంలోంచి ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫారంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఇద్దరూ డబ్ల్యూ-4లో మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ అని టిక్కు పెడతారు. స్టెప్ 2లో రెండు ఉద్యోగాలు ఉన్నవాళ్లకు ఇచ్చిన చిన్న గడిని వదిలేస్తారు. అప్పుడు మీ కంపెనీ పేరోల్ ఆ ఇంటికి మీ జీతం ఒక్కటే ఆధారం అనుకుని పెద్ద డిడక్షన్ మొత్తం మీకే ఇస్తుంది. ఆవిడ కంపెనీ కూడా అదే అనుకుని మళ్లీ అంతా ఆవిడకే ఇస్తుంది. ఒకే కంచంలో అన్నాన్ని ఇద్దరికీ వడ్డించినట్టు లెక్క రాసుకోవడమే ఇది. పై జీతాలకు 12 వేల డాలర్లకు పైగా తక్కువ కోతపడుతుంది. పైగా తక్కువ కట్టినందుకు పెనాల్టీ కూడా పడవచ్చు. ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజే ఇద్దరి డబ్ల్యూ-4లోనూ ఆ గడి టిక్కు పెట్టండి.

ఇక టెక్సస్ మెలిక ఒకటుంది. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా లాంటి తొమ్మిది రాష్ట్రాల్లో కమ్యూనిటీ ప్రాపర్టీ చట్టం ఉంది. పెళ్లయ్యాక ఎవరు సంపాదించినా అది ఇద్దరిదీ చెరి సగం. ఇక్కడ ఇద్దరూ రెసిడెంట్లయి విడిగా ఫైల్ చేస్తే, ఎవరి డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం కాగితం) వాళ్లు వేసుకోవడం తప్పు. ఇద్దరి జీతాలూ కలిపి సగం సగం పంచి, ఫారం 8958 మీద చూపించాలి. 1,20,000, 95,000 జీతాలైతే ఇద్దరూ చెరొక 1,07,500 చూపిస్తారు. చివరికి వచ్చే మొత్తం జాయింట్ ట్యాక్సే, కాగితాలు రెట్టింపు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో వాషింగ్టన్‌లోని బెల్‌వ్యూలోనో ఉండి డబ్ల్యూ-2 ప్రకారం విడివిడిగా వేసుకున్న రిటర్న్‌లు చాలానే తిరుగుతున్నాయి. మీ 2025కు ఈ బాధ లేదు. ఒకరు నాన్‌రెసిడెంట్ అయి, 6013(జి) కోరుకోకపోతే ఎవరి జీతం వాళ్లదే అని చట్టమే చెబుతుంది. న్యూజెర్సీ, వర్జీనియా, నార్త్ కరోలినా వాళ్లకు ఈ పంపకం లేదు. కానీ వాళ్లకు స్టేట్ ట్యాక్స్ ఉంది, దాన్నీ రెండు రకాలుగా వేసి చూసుకోవాలి.

విడిగా వేయడం నిజంగా పనికొచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒకరికి ఆ ఏడాది పెద్ద ఆపరేషన్ అయి జేబులోంచి భారీగా ఖర్చయింది, వాళ్ల జీతం 60,000 అనుకోండి. వైద్య ఖర్చులో ఆదాయంలో 7.5 శాతం దాటినదే డిడక్షన్‌కు వస్తుంది. 60,000 మీద అది 4,500. జాయింట్‌గా ఇద్దరి ఆదాయం 2,15,000 అయితే 16,125. అయితే ఒకరు స్టాండర్డ్ డిడక్షన్ వదిలి ఖర్చులు ఒక్కొక్కటిగా చూపిస్తే (ఐటమైజ్) రెండోవాళ్లూ చేయాల్సిందే, వాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ సున్నా. అందుకే ఈ లెక్క కాగితం మీద కనిపించినంత తరచుగా పనిచేయదు. ఇంకొకటి, ఇక్కడే చదివి ఫెడరల్ స్టూడెంట్ లోన్ ఉన్న డాక్టర్లు, లాయర్లు. ఆదాయాన్ని బట్టి నెలకు కట్టే ప్లాన్లలో విడిగా ఫైల్ చేస్తే అప్పున్నవాళ్ల ఆదాయాన్నే చూస్తారు. ట్యాక్స్‌లో పోయేదానికంటే నెలసరి కట్టుబడిలో మిగిలేది ఎక్కువైతే విడిగా వేయడం తెలివైన పనే.

దానికి చెల్లించే మూల్యం కూడా తెలుసుకోండి. విడిగా వేస్తే స్టూడెంట్ లోన్ వడ్డీ డిడక్షన్ రాదు. మన పిల్లలు ఎంఎస్ కోసం ఇండియాలో బ్యాంకు నుంచి తమ పేరు మీద తీసుకున్న చదువు లోన్‌కు కూడా ఇది వర్తిస్తుంది, చాలామందికి తెలియక వదిలేస్తారు. చదువు ఖర్చుల క్రెడిట్లు రావు. డేకేర్ క్రెడిట్ మామూలుగా రాదు. షేర్లలో నష్టం ఏడాదికి 3,000 బదులు 1,500 దాకానే తీసుకోవాలి. కలిసి ఉంటూ విడిగా ఫైల్ చేస్తే రాత్ ఐఆర్ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) దారి 10,000 డాలర్ల ఆదాయం దగ్గరే మూసుకుపోతుంది. ఐటీ జీతం ఉన్నవాళ్లెవరూ అందులో వేయలేరు. ఏడాది మొదట్లోనే రాత్‌లో వేసేసి, ఏప్రిల్‌లో సెపరేట్ అంటే ఆ డబ్బు వెనక్కి తీయాల్సి వస్తుంది.

పిల్లలున్నవాళ్లకు ఒక మాట. "భార్య ఇండియాలో ఉంది కదా, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ వేసుకో" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. పిల్లల బాధ్యత ఒక్కరే మోసేవాళ్లకు ఇచ్చే ఫైలింగ్ హోదా అది. దానికి పిల్లవాడు ఆ ఏడాది సగానికి పైగా మీతో, ఇక్కడ, మీ ఇంట్లో ఉండాలి. తల్లి దగ్గర గుంటూరులో పెరుగుతున్న పిల్లను చూపించి ఆ హోదా వాడుకోవడం కుదరదు. నెలనెలా డబ్బు పంపిస్తున్నాననడం కూడా సరిపోదు. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ 2025కు 2,200 డాలర్లు, దానికి పిల్లలకు ఎస్ఎస్ఎన్ ఉండాలి. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికీ ఉండాలి. ఐటిన్ మీద ఇక్కడ ఉంటున్న హెచ్-4 పిల్లలకు 500 డాలర్ల క్రెడిట్ దొరుకుతుంది.

చివరిగా, జాయింట్ రిటర్న్ మీద సంతకం ఇద్దరిదీ, బాధ్యతా ఇద్దరిదీ. భర్త చూపించని ఆదాయం, తప్పుడు డొనేషన్లు ఏవైనా ఉంటే ఐఆర్ఎస్ మొత్తం బాకీ భార్య దగ్గరైనా వసూలు చేయవచ్చు, ఆవిడకు ఒక్క డాలరు సంపాదన లేకపోయినా. విడాకుల తర్వాత కూడా ఆ సంవత్సరాల బాకీ వదలదు. తెలియక ఇరుక్కున్నవాళ్లకు ఫారం 8857 ఉంది, కానీ అది రుజువు చేసుకోవడం కష్టం. మన ఇళ్లలో "ఇక్కడ సంతకం పెట్టు" అని చివరి పేజీ మాత్రం ముందు పెట్టడం అలవాటు. ఆవిడ ఇండియా అకౌంట్ల వివరాలు ఆవిడకే తెలుసు కాబట్టి రిటర్న్ మొత్తం ఆవిడ చేతికివ్వండి, ముఖ్యంగా షెడ్యూల్ బి చివర్లో విదేశీ అకౌంట్ల గురించి అడిగే ప్రశ్న చూపించండి. భర్తకు ఇండియాలో ఇంకో వ్యాపారమో చెప్పని అప్పులో ఉన్నాయని అనుమానం ఉంటే, ఆ అక్కలకు, చెల్లెళ్లకు నా సలహా విడిగానే, ఆరు వేలు పోయినా సరే.

ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు అకౌంట్ల రిపోర్టు) ఈ రిటర్న్‌లో భాగం కాదు, జాయింట్ వేసినంత మాత్రాన అది పూర్తయినట్టూ కాదు. మీ పేరున్న ఇండియా అకౌంట్లన్నీ, నాన్నగారితో కలిసి ఉన్న జాయింట్ అకౌంట్ సహా, ఏడాదిలో ఏ ఒక్కరోజైనా కలిపి 10,000 డాలర్లు దాటితే ఫిన్‌సెన్ (అమెరికా ఆర్థిక శాఖ విభాగం) సైట్‌లో మీరు విడిగా వేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. మీ ఆవిడ ఐటిన్ కాగితాలు ఆస్టిన్‌లో ఉన్నాయని దీన్ని ఆపకండి.